పదకొండు దరఖాస్తుల పగ

సౌదీలో, అల్ ఖోబర్‌లో ఏసీలు బాగుచేసేవాడికి పగ పెంచుకునే తీరిక ఉండదు. అయినా మా ఊరి బ్యాంకు ఆఫీసరు కోసం కొంత వీలు చేసుకున్నాను.

ఇంటికి అప్పు తీసుకున్నది సెలవు ఆఖరి రోజున. మా గల్ఫ్ వాళ్ళ సంతకాలన్నీ ఆ రోజే. మిగతా రోజులు పెళ్ళిళ్ళకూ పలకరింపులకూ సరిపోతాయి. బయట ఎయిర్‌పోర్టు కారు హారన్ మోగుతుంటే, ఆఫీసరు కాగితాలు తిప్పాడు, నేను నిలబడే సంతకాలు గీకాను. అందులో ఒకటి ప్రభుత్వ హామీ ఉన్న అప్పు బీమా. పదిహేనేళ్ళ ప్రీమియం ఒకేసారి అప్పులో కలిపేశాడు.

"ఇదెందుకు సార్?"

"సౌదీకి పోతాండావు గదప్పా. నీకేమన్నా అయితే ఇల్లు నిలబడల్ల గదా."

నా చావు గురించి అంత శ్రద్ధగా ఆలోచించినవాళ్ళు మా ఇంట్లో కూడా లేరు.

ఓవర్‌టైములు చేసి ఐదేళ్ళకే అప్పు తీర్చేశాను. డబ్బంతా దానికే పోయి కిటికీలకు గోనెసంచులే మిగిలాయి. బీమా సంగతి మర్చేపోయాను. అల్ ఖోబర్ శివారు అజీజియాలో మా గదిలో ఉండే కడప డ్రైవరు భాయ్ ఒక శుక్రవారం గుర్తుచేశాడు.

"అప్పు ముందే కట్టేసినావు గదా, మిగిలిన పదేండ్ల బీమా దుడ్లు అడిగినావా?"

"అవి వెనక్కిస్తారా భాయ్?"

"అడిగితే ఇస్తారు. అడక్కుంటే వాళ్ళెందుకు చెప్తారబ్బా?"

బ్యాంకుకు ఫోన్ చేస్తే అదే ఆఫీసరు. "అట్లాంటిదేం లేదు. బతికే ఉండావు గదా, సంతోషపడు."

బతికి ఉండటం నా తప్పయినట్టు అన్నాడు. కిటికీల కోసం మొదలైన పని ఆ మాటతో పగయింది.

ఇంటి నుంచి పాలసీ కాగితం ఫోటో తెప్పించాను. అప్పు ముందే తీరితే మిగిలిన కాలపు ప్రీమియం వాపసు, రాసి అడగాలి అని చీమంత అక్షరాల్లో ఉంది. రాసి పంపాను. సంతకం కలవలేదని తిప్పికొట్టాడు. కలవదు మరి, బ్యాంకులో ఉన్నది కారు హారన్ మోతలో గీకిన సంతకం.

వాకబు చేస్తే, మా బిల్డింగులోనే అప్పు ముందే తీర్చినవాళ్ళు ఇంకా పదిమంది తేలారు. అదే ఆఫీసరు, అదే ఆఖరి రోజు. ఆ తర్వాతి శుక్రవారం అందరినీ వరండాలో నిలబెట్టాను. కింద భాయ్ ఆగకుండా హారన్ కొడుతుంటే పదకొండుమందిమీ సంతకాలు గీకేశాం. పాత సంతకాలతో అచ్చు గుద్దినట్టు కలిశాయి. కాదంటే కారణం రాసివ్వమని అడిగి, నకళ్ళు పెద్దాఫీసుకూ పంపాను.

ఈసారి ఆయనే ఫోన్ చేశాడు. "పెద్దాఫీసుకెందుకప్పా? నాతో ఒక మాట చెప్పల్ల గదా."

"చెప్పినా సార్. మీరు సంతోషపడమన్యారు."

ఆయన్ను నీళ్ళు దొరకని ఊరికి బదిలీ చేసినట్టు కలలు కన్నాను. నిజానికి ఆయన ఐదింటికి బ్యాగు సర్దుకుని ఇంటికి పోతూనే ఉన్నాడు. మిగతా పదిమందికీ డబ్బు వచ్చింది. నా దరఖాస్తు మాత్రం కట్టలో అట్టడుగుకు పోయి, మూడు నెలలు ఆలస్యంగా తేలింది. పగ విద్యలో ఆయన నాకన్నా సీనియరు.

మొత్తానికి కిటికీలు పడ్డాయి. మేస్త్రీ పంపిన ఫోటోలో ఒకటి వంకరగా ఉంది. వాడి మీద ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు.