పరాయి దేశంలో మేనత్త జడ

మొన్న హిందూపురంలో మా పక్కింటావిడ మొదటిసారి పైదేశానికి విమానం ఎక్కబోతూ వచ్చి, "అక్కా, మన తలకు సరిపోయే నూనెలు, షాంపూలు ఆడ దొరుకుతాయా?" అని అడిగింది. "దొరుకుతాయి, వెతికే ఓపిక ఉండాల" అన్నాను ధీమాగా. నిజానికి ఆ ధీమా నాది కాదు, మా మేనత్తది.

మేనత్త ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. కొన్నేళ్ల కిందట జర్మనీలో ఒక చేనేత ప్రదర్శనకు ఆమెను పిలిచారు. ఐదు రోజులు జనం ముందు మగ్గం నేసి చూపించాలి. బ్యాంకులో పనిచేస్తూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్న పుణ్యానికి నన్ను తోడు తీసుకెళ్లింది. ఆమెది నడుము దాటిన ఉంగరాల జుట్టు. మామూలు దువ్వెనలు దానికి ఆగేవి కావు. కొబ్బరినూనె రాస్తే నుదుటి మీదికి జారి, పట్టు మీద మరక పడుతుందని ఆమె భయం. అందుకే చిక్కటి ఆముదం తప్ప వేరేది ముట్టదు. అదీ పెనుకొండలో ఒక ముసలమ్మ గింజలు వేయించి, దంచి, ఉడికించి తీసిందే కావాలి. బెంగళూరుకు పోతూ పెనుకొండలో కారు ఆపించి సీసా నింపించుకుంది. నూనె పెద్దపెట్టెలో పెట్టాలని నేను చెప్పినా వినకుండా చేతిసంచిలో పెట్టుకుంది. విమానాశ్రయం తనిఖీలో దాన్ని కాస్తా తీసేసుకున్నారు.

"పోనీలేమ్మా. అంత దూరం పోతాండాము, యాడో ఒకచోట దొరక్కపోదు" అంది.

అక్కడ హోటల్ షాంపూతో తలంటుకుంది. ఆ నీళ్లకో, హీటరు గాలికో, జుట్టు పీచులా లేచి నిలబడింది. ప్రదర్శనకు ముందురోజు మగ్గం సరిచూసుకోవడానికి కూర్చుంటే వెంట్రుకలు ఎగిరి పడుగు పోగులకు అంటుకున్నాయి. ఒకటి అంచులో నేతతోపాటు లోపలికి పోయింది. అత్త మగ్గం ఆపి, ఆ నాలుగు వేళ్ల నేతా విప్పేసింది. నిర్వాహకురాలు పాపం ఒక టోపీ తెచ్చిచ్చింది. నా చేత వద్దని చెప్పించి, అత్త నాతో అంది: "పెండ్లికూతురు కట్టే చీర ఇది. మా యమ్మ తల దువ్వుకోకుండా మగ్గమెక్కింది ల్యా. నేను టోపీ పెట్టుకొని నేసేదా? రేపటికల్లా నూనె చూడు."

సూపర్ మార్కెట్లో సీసాలకు కొదవ లేదు. అన్నీ పలచటి, తిన్నటి జుట్టుకోసం చేసినవే. నేను తెచ్చిన ఒక స్ప్రే కొడితే అత్త తల గంజి పెట్టిన చీరలా బిరుసెక్కింది. ఆముదాన్ని వాళ్ల భాషలో ఏమంటారో నాకు తెలియదు. నేను నీరసపడ్డాను కానీ అత్త వీధిలో తనలాంటి జుట్టున్న మనిషికోసం వెతికింది. చివరికి ఒక ఆఫ్రికా ఆవిడ కనిపిస్తే నన్ను ముందుకు తోసి, "ఈయమ్మ తలకేం పూస్తాదో అడుగు" అంది. ఆవిడ నవ్వి, రైల్వేస్టేషన్ వెనక ఉన్న తమవాళ్ల అంగడికి దారి చెప్పింది.

ఆ అంగడామె ఘనా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. అత్త తల చూడగానే నల్లటి నూనె ఉన్న సీసా తీసి మూత విప్పింది. అత్త వాసన చూసి నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆముదమే! గింజలు ఏయించి తీసిందే!"

అంగడామె అత్తను స్టూలు మీద కూర్చోబెట్టి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీస్తూ నూనె పట్టించింది. అత్త తెలుగులో చెబుతోంది, ఆమె తన భాషలో జవాబిస్తోంది. మధ్యలో నేను ఇంగ్లీషు అందించబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. గంట తర్వాత ఒక్క వెంట్రుక కూడా కదలని జడ తయారైంది. అద్దంలో చూసుకుని, "మా యమ్మ పోయినాక నా తల ఇంకొకరు దువ్వడం ఇదే మొదలు" అంది అత్త.

మర్నాడు అత్త మగ్గమెక్కింది. ఐదు రోజులూ నేసింది. మూడో రోజు అంగడామె వచ్చి, ముందు వరుసలో నిలబడి చప్పట్లు కొట్టింది. వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. ఏళ్లు చాలానే గడిచాయి కానీ, స్టేషన్ వెనక అంగట్లోని ఆ మధ్యాహ్నం మాత్రం నాకింకా పూర్తిగా గడవలేదు.