లేని అత్తగారు

ఆమెకు అత్తగారు లేరు. అమ్మా లేదు. ఆమె, ఆమె భర్త సర్కారువాళ్ళు పిల్లల్ని అప్పగించే ఒకే పెంపుడింట్లో కొన్నాళ్ళు పెరిగినవాళ్ళు. అంతకు ముందు ఎన్ని ఇళ్ళు మారారో వాళ్ళకే గుర్తులేదు. అలాంటిది, నిన్న ఆరోగ్య కార్యకర్త ఫోన్ చేసి "మీక్కూడా జ్వరమొస్తే పిల్లల్ని ఎవరు చూసుకుంటారమ్మా?" అని అడిగేసరికి, తడుముకోకుండా "మా అత్తగారున్నారండీ" అనేసింది.

అని ఊరుకుందా? ఆవిడకి మోకాళ్ళ నొప్పులనీ, నోరు మాత్రం పెద్దదనీ కూడా చేర్చింది. లేని అత్తగారికి లేని రోగాలు అంటగట్టడం ఎంతసేపు!

ఇరవై మూడేళ్ళకే ఆమెకి ప్రాణం విసిగిపోయింది. పార్సిల్ గోడౌన్‌లో పనిచేసే మొగుడు ఈ మహమ్మారి అంటించుకొచ్చి, ఐదు రోజులుగా లోపలి గదిలో మూలుగుతున్నాడు. నాలుగేళ్ళ పిల్ల, ఏడాదిన్నర పిల్లాడు ముందుగదిలో ఆమె కాళ్ళకి అడ్డం పడుతూనే ఉన్నారు. ఈ పొద్దున ఆమెకీ గొంతు పట్టేసింది. తెలిస్తే సర్కారువాళ్ళు పిల్లల్ని పట్టుకుపోతారని భయం. చిన్నప్పుడు అమ్మకి జబ్బు చేసిందని, వారం రోజులకేనని చెప్పి తనని అలాగే తీసుకెళ్ళారు మరి. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు.

తన అబద్ధం మీద తనకే నమ్మకం లేదు. అందుకే పిల్లల బట్టలు సంచిలో సర్ది, పిల్లకి బూట్లు తొడిగి కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మం అవతల మాస్కుతో కార్యకర్త, చేతిలో సరుకుల సంచి.

"మీ అత్తగారిని ఒకసారి పిలువమ్మా, నాలుగు జాగ్రత్తలు చెబుతాను."

"పడుకున్నారండీ."

"పడుకుంది నాన్నేగా!" అంది పిల్ల.

కార్యకర్త పిల్ల బూట్లు చూసింది. తలుపు పక్కనున్న సంచి చూసింది. దానికి పిన్నీసుతో గుచ్చిన కాగితం వంగి చదివింది: 'పెద్దదానికి చీకటంటే భయం. అది అడగదు, మీరే లైటు ఉంచండి. చిన్నోడు పాలు చల్లారిస్తేనే తాగుతాడు. ఇద్దర్నీ విడదీయకండి.'

"ఇది ఎవరికమ్మా?"

"తీసుకెళ్ళేవాళ్ళకి," అంది ఆమె. "అత్తగారు లేరండీ, మాకెవరూ లేరు. నన్ను పంపినప్పుడు ఇలాంటివి ఎవరూ రాసివ్వలేదు."

కార్యకర్త సరుకుల సంచి గుమ్మం లోపల పెట్టింది.

"నేను సరుకులివ్వడానికి వచ్చానమ్మా. నువ్వు లేవలేకపోతే మనిషిని ఇక్కడికే పంపిస్తాం. పిల్లలు ఎక్కడికీ వెళ్ళరు. ఆ కాగితం వంటగదిలో అంటించు, వచ్చే మనిషికి పనికొస్తుంది."

తలుపు వేసి ఆమె నేల మీద చతికిలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"మనం వెళ్ళమా అమ్మా?"

"వెళ్ళం."

"అయితే బూట్లు విప్పవా? పొద్దుటి నుంచి వేలు నొక్కేస్తోంది."

"మరి చెప్పలేదేమే?"

"వెళ్ళాలన్నావుగా."