చిలకలపూడి సెట్టు

గాలివాన వచ్చే ముందు రేడియోలో చెబుతారు. రేవులో జెండా ఎగరేస్తారు. నేను మాత్రం ఏ జెండా లేకుండా ఒక మధ్యాహ్నం నల్లబల్ల దగ్గరికి వెళ్లి, నాలుగంటే నాలుగు మాటలు రాసి, నా ప్రాణస్నేహితురాలి కొంప ముంచాను. ఎలా ముంచానో చెబుతాను, నవ్వుకోండి. నవ్వడానికే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నేను ముక్కు చీదితే పట్టించుకోవద్దు.

మాది బందరు పక్కన సముద్రం ఒడ్డు పేట. మగవాళ్లు వేటకు వెళ్లేవాళ్లు. మేం చేపల బుట్టలు నెత్తికెత్తుకుని, బస్సులెక్కి గుడివాడ దాకా తిరిగి అమ్ముకొచ్చేవాళ్లం. తొంభైల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడులు పెట్టారు చూడండీ, అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. మా పేటలో ఆ బడి చర్చి వరండాలో నడిచేది. గుడివాడ నుంచి మా పక్క వీధికి కోడలిగా వచ్చిన సువార్త అనే అమ్మాయి టీచరు.

"నాంచారమ్మ గారూ, ఇలా వచ్చి 'అ' రాయండి" అంది మొదటి రోజే.

నా పేరు వెనక 'గారు' తగిలించిన మొదటి మనిషి ఆ పిల్లే. అప్పటిదాకా నన్ను పిలిచినవాళ్లంతా 'ఏయ్ చేపలూ' అనేవాళ్లు. ఆ ఒక్క 'గారు' కోసం యాభై ఆరు అక్షరాలూ మింగేశాను. అక్షరాలొచ్చాక నాకు పట్టిన పొగరు అంతా ఇంతా కాదు. బస్సులో పక్కవాళ్లు చదువుకుంటున్న పేపరు లాక్కుని పైకి చదివేదాన్ని.

ఒకరోజు సువార్త మాటల్లో మాటగా, "ఇంగ్లీషులో సెట్ అని చిన్న మాటుందండీ, దానికి ఎన్ని అర్థాలో చెప్పలేం" అంది. పాపం, ఊరికే అంది. నేను పీత పట్టు పట్టాను. ఓ నోటు పుస్తకం కొని, ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా రాసుకోవడం మొదలెట్టాను. కరణం గారింట్లో టీవీ సెట్టు. తాపీ మేస్త్రి, "సిమెంటు సెట్టవ్వాలి, రెండ్రోజులు తొక్కొద్దు" అన్నాడు. గుడివాడ హోటల్లో సెట్ దోసె. పేకాడేవాళ్లకో సెట్టు. పలానా వాళ్లమ్మాయికి సంబంధం సెట్టయింది. కాకినాడ కోడలికీ అత్తకీ సెట్టవలేదు. నేను ఒక్క ముక్క ఇంగ్లీషు నేర్చుకోకుండానే ఇంత ఇంగ్లీషు నా నోట్లో నలుగుతోందని తెలిసి నాకు నేనే దండం పెట్టుకున్నాను.

"కండక్టరు గారూ, సెట్ అంటే ఏంటండీ?" అని అడిగానోసారి.

"ముందా బుట్ట సీటు కింద సెట్ చేసుకో తల్లీ! నీళ్లు కారి అందరూ నన్ను తిడుతున్నారు."

"ఇది తొమ్మిదోది" అని జాకెట్లోంచి పెన్సిలు తీశాను. బస్సు బస్సంతా నవ్వింది. నాకు చప్పట్లు కొట్టినట్టు వినపడింది.

ఇప్పుడు ధనమ్మ సంగతి. మా పక్కిల్లే. నాకన్నా ఆరేళ్లు చిన్నది. బడిలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. నా పలక మీద ఆమె పేరు, ఆమె పలక మీద నా పేరు రాసుకుని నేర్చుకున్నాం. నేను పేరు కోసం చదివితే ఆమె పని కోసం చదివింది. దివిసీమలో నాగాయలంక వైపు ఆమె తమ్ముడున్నాడు. "ఎవరి చేతా రాయించకుండా నా తమ్ముడికి నా చేత్తో ఓ ఉత్తరం రాయాలక్కా. అంతే. ఆ తర్వాత చదువు మానేసినా పర్లేదు" అనేది.

ఆ తమ్ముడికి గాలివానలో పడవా వలా రెండూ పోయాయి. ధనమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, అత్తగారు పెట్టిన చంద్రహారం తీసి, వల కొనుక్కోమని తమ్ముడి చేతిలో పెట్టింది. పెట్టింది సరే, రేపు మెడ బోసిగా కనపడితే? ఇంట్లో ఆడపడుచు కోటమ్మ ఉంది. మొగుడు పోయి పుట్టింటికొచ్చిన మనిషి. ఆ హారం తల్లి మెడలో ఉన్నప్పటి నుంచీ దాని మీద కన్ను. రోజుకోసారైనా ధనమ్మ మెడ వైపు చూడందే ఆవిడకి అన్నం సయించేది కాదు.

అందుకని నేనూ ధనమ్మా చేపలమ్మే నెపంతో చిలకలపూడి వెళ్లాం. రోల్డుగోల్డు నగలకి చిలకలపూడిని మించింది లేదు కదా.

"హారం ఒక్కటే ఇవ్వు బాబూ" అంది ధనమ్మ.

"ఒక్కటీ ఇవ్వమండీ. సెట్టుగానే. హారం, కమ్మలు, గాజులు, అన్నిటికీ ఒకటే రాయి."

అచ్చం పాతదానిలాగే ఉన్న హారం మెడలో వేసుకుంది. గాజులు పెట్టె అడుగున దాచింది. పచ్చరాళ్ల కమ్మలు నా చేతిలో పెట్టి, "ఇవి నువ్వు పెట్టుకో అక్కా. నోరు మాత్రం తెరవకు" అంది.

"నా నోరా? ఇనప్పెట్టె" అన్నాను. కమ్మలు పెట్టుకుని బస్సు అద్దంలో చూసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు ధనమ్మ కష్టం కన్నా నా చెవులే నాకు ఎక్కువ కనపడ్డాయి.

నెల తిరక్కుండా బందరు నుంచి ఒక ఆఫీసరు మా బడి చూడ్డానికి వస్తున్నాడన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం బల్ల మీద రాయాలి. "లేనిపోనివి అల్లకండి. జరిగింది రాయండి, చెయ్యి తిరుగుతుంది" అంది సువార్త. నేను నా సెట్టు మాటతోనే రాస్తానని వారం ముందు నుంచీ పేటంతా చాటాను.

ఆ రోజు ముప్ఫై మంది ఆడవాళ్లం తలలు దువ్వుకుని చాపల మీద కూర్చున్నాం. కోటమ్మ కూడా మా క్లాసే, ముందు వరసలో. నా వంతు వచ్చింది. టీవీ సెట్టు గురించి రాద్దామనుకున్నాను గానీ, టీవీ అన్న ఇంగ్లీషు మాట తెలుగులో ఎలా రాయాలో గుర్తు రాలేదు. సెట్టు కాక నాకు తప్పు లేకుండా వచ్చే మాటలు రెండే. ఒకటి పలక మీద రోజూ రాసిన పేరు. రెండోది బస్సు బోర్డు మీద రోజూ చూసే ఊరు. సుద్ద తీసుకుని మొదలెట్టాను.

చిన్నప్పుడు చదువుకున్నవాళ్లకి ఈ సంగతి తెలియదు. పెద్దయ్యాక నేర్చినవాళ్లం రాసేటప్పుడు మాట చూడం, అక్షరం చూస్తాం. గుడి పడిందా, కొమ్ము తిరిగిందా, వత్తు కింద పడిందా! వల అల్లేవాడికి ముడి తప్ప వల కనపడనట్టు. నేను చెమటలు కక్కుతూ ఒక్కో అక్షరం దింపి, చివర చుక్క పెట్టి, పమిటతో మొహం తుడుచుకుని పక్కకి జరిగాను. ఏం రాశానో నాకే తెలియదు. ఎంత బాగా రాశానో మాత్రం తెలుసు.

బల్ల మీద పడ్డదాన్ని అందరూ గొంతెత్తి చదవడం మా బడి పద్ధతి. ముప్ఫై గొంతులు లేచాయి.

"ధ... న... మ్మ..."

ధనమ్మ నవ్వింది, తన పేరు రాశానని.

"చి... ల... క... ల..."

అందరికన్నా వేగంగా చదివేది ధనమ్మే. మిగతావాళ్లు ఇంకా 'పూ' దగ్గర ఉండగానే ఆమె చివరిదాకా వెళ్లిపోయింది. ఆమె గొంతు ఆగిపోవడం నాకు వినపడింది. అప్పుడు తిరిగి బల్ల వైపు చూశాను. నా జన్మలో మొదటిసారి ఒక వాక్యాన్ని వాక్యంగా చదివాను.

"...డి... లో... సె... ట్టు... కొ... న్న... ది!"

"భేష్!" అని ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. "ధనమ్మ ఎవరమ్మా? ఏం సెట్టు కొన్నారు?"

ధనమ్మ లేచింది. చెయ్యి మెడ మీదికి పోయింది. నేను అడ్డం పడ్డాను. "టీ కప్పుల సెట్టండీ!"

"చిలకలపూడిలో టీ కప్పులా?" అంది కోటమ్మ, మెల్లగా.

"కాదు కాదు, టీవీ..."

"మా ఇంట్లో కరెంటే లేదు కదే నాంచారీ."

"సిమెంటు సెట్టయిందండీ" అన్నాను. నోటు పుస్తకంలో పదమూడు అర్థాలున్నాయి, ఒక్కటీ ఆదుకోలేదు. కోటమ్మ ధనమ్మ హారం చూసింది. పచ్చరాళ్లు. నా చెవులు చూసింది. పచ్చరాళ్లు. మూడో సాక్షి అక్కర్లేకుండా సాక్ష్యాన్ని రెండు చెవులా వేలాడదీసుకుని నిలబడ్డాను నేను.

"బాగా రాశావమ్మా" అంది కోటమ్మ. ఆ మెప్పు ఇప్పటికీ అరగలేదు నాకు.

ఆ సాయంత్రం వీధిలోనే హారాన్ని రాయి మీద గీసి చూపించింది. పేటంతా చూసింది. అమ్మ నగ పుట్టింటికి మోసిందని నెలరోజులు ఎత్తిపొడిచింది. ధనమ్మ మొగుడు మాత్రం తిట్టలేదు. "నన్నడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదే" అన్నాడంతే. తిట్టుంటే బాగుండేదని ధనమ్మ ఎవరితోనో అందట.

నేను కమ్మలు తీసి కొంగున కట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. ఆమె తీసుకోలేదు. "నీకు అక్షరాలొచ్చినియ్యక్కా. నాకు పోయినియ్యి" అని తలుపేసుకుంది.

బడి మానేసింది. ఉత్తరం రాయలేదు. మేం మాట్లాడుకోలేదు. తర్వాత్తర్వాత ఆ వరండాలోనే మహిళా సంఘం మీటింగులు పెట్టారు. రిజిస్టరులో నా సంతకం కిందే ఆమె వేలిముద్ర పడేది. క్లాసులో అందరికన్నా ముందు చదివిన మనిషి వేలు, సిరా పూసుకుని, నా వంకర సంతకం కింద. ఏళ్ల తరబడి చూశాను దాన్ని. కళ్లు మూసుకుని సంతకం పెట్టడం నేర్చుకున్నాను.

ఈలోగా నా పళ్లు ఊడాయి. బందరులో కట్టించుకుంటే ఎవరైనా చూస్తారని గుడివాడ వెళ్లి కట్టించుకున్నాను. నోట్లో నిలవక, డబ్బాలో పెట్టి ఒళ్లో పట్టుకుని, నోరు బిగించి బస్సులో వస్తున్నాను. గుడ్లవల్లేరులో ఖాళీ బుట్టతో ధనమ్మ ఎక్కింది. ఖాళీ ఉన్నది నా పక్క సీటే. కూర్చుంది. బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని, బిగించిన నా మూతి వైపు చూసింది.

"నోరు నొప్పా?" అంది. ఎనిమిదేళ్ల తర్వాత మొదటి మాట.

నేను జవాబు చెబితే బండారం బయటపడుతుంది. ఏం చెయ్యను? డబ్బా మూత తీసి చూపించాను. అందులోంచి నా పళ్లు ఆమెను చూసి నవ్వాయి. ధనమ్మ పెడన దాకా పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది.

"ఎవవికీ చెప్పకే" అన్నాను.

"చెప్పను. నేను నీలాంటిదాన్ని కాదులే" అంది.

మరుసటి నెల మీటింగులో రిజిస్టరు నా దగ్గర నుంచి ఆమె దగ్గరికి వెళ్లింది. ఆమె సిరా డబ్బా పక్కకి నెట్టింది. లేచి, మూలనున్న పాత బల్ల దగ్గరికి వెళ్లి, సుద్ద తీసుకుంది. నాలా చెమటలు పట్టలేదు. గబగబా రాసింది.

'నాంచారమ్మ గుడివాడలో పళ్ల సెట్టు కొన్నది.'

పాత అలవాటు కదా, అందరూ గొంతెత్తి చదివారు. అందరికన్నా గట్టిగా చదివింది కోటమ్మ.

"చెప్పనన్నావు కదే!" అన్నాను, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"చెప్పలేదక్కా. రాశాను. దుకాణాల బోర్డులూ గోడల మీది సినిమా కాయితాలూ చదువుకుంటూ ఇన్నేళ్లు సాధన చేశాను, ఈ ఒక్క ముక్క కోసం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే పై సెట్టు ఒళ్లో పడింది. ఆ గోలలో నేను ఏడ్చింది ఎవరూ గమనించలేదు, ధనమ్మ తప్ప. అప్పటికి తమ్ముడింట్లోనూ ఆమె ఇంట్లోనూ ఫోన్లొచ్చేశాయి. మరి తమ్ముడికి ఉత్తరం రాయవా అంటే, ఎందుకిప్పుడు, అంది. ఆ ఉత్తరాన్ని తిన్నది నేనే, ఇంకెవరూ కాదు.

కాబట్టి నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణముండగా, బతికున్న మనిషి పేరుతో వాక్యం రాయను. రాయాల్సివస్తే కాకి గురించి రాస్తాను, ఎండ్రకాయ గురించి రాస్తాను. వాటికి ఆడపడుచులు ఉండరు.

ఇది మాత్రం ధనమ్మకు చదివి వినిపించి, ఒప్పించి రాసిందే. విన్నాక ఆమె కళ్లు తుడుచుకుని, ఒకే ఒక్క షరతు పెట్టింది.

"నా పేరు, మా ఆడపడుచు పేరు మార్చెయ్. నీ పేరు మాత్రం మార్చకు."