మచ్చ కదలదు

నేను సరిహద్దు పోస్టుకు చేరింది అక్టోబరు చివర, ఉదయం పదకొండు గంటలకు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. కింది శిబిరం నుంచి ఆరు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోల సంచి. వంగి బంకరులోకి దూరితే కిరోసిన్ పొయ్యి, నాలుగు మంచాలు, మూలన చిన్న టీవీ లాంటి పెట్టె. దాని ముందు కూర్చోవడమే నీ డ్యూటీ అన్నారు.

పైకప్పు మీది కెమెరా నుంచి పెట్టెకు తీగ వచ్చేది. ఆ కెమెరా వెలుగును కాదు, వేడిని చూస్తుంది. మనిషి తెల్లగా కనబడతాడు, మంచు నల్లగా. పని నేర్పిన నిఘా హవల్దార్ మొదటి రోజే తెర మీద వేలు పెట్టి వివరించాడు. పెట్టెలో పెద్ద గాజు గొట్టం, దాని వెనక తుపాకి లాంటిది ఒకటి ఉంటుంది. అది కంటికి కనబడని కిరణాన్ని గాజు వైపు కొడుతుంది. గాజు లోపలి వైపు ఒక పొడి పూసి ఉంటుంది. కిరణం తగిలిన చోట పొడి మెరిసి ఆరిపోతుంది. కిరణం పై అంచు నుంచి గీత వెంట గీతగా కిందికి వచ్చి మళ్లీ పైకి పోతుంది. సెకనుకు యాభై సార్లు.

“తెర మీద పూర్తి బొమ్మ ఎప్పుడూ ఉండదు. కిరణం తగిలిన చుక్కే ఉంటుంది. మిగతాది నీ కన్ను కలుపుకుంటుంది,” అన్నాడు హిందీలో.

ఆ పెట్టె అంతకుముందు వేరే పోస్టులో ఏళ్ల తరబడి ఒకే పొగగొట్టాన్ని చూసిందట. ఒకే చోట వెలిగి వెలిగి అక్కడి పొడి అలిసిపోయింది. తెర ఎడమ వైపు, కింది భాగంలో, బొటనవేలంత గోధుమరంగు మచ్చ. అక్కడ ఏ బొమ్మా సరిగా వెలగదు. కొత్త పెట్టె రావాలంటే వేసవిలో దారులు తెరవాలి. అందుకని ఒక ఆర్డరు ఉండేది. మనవాళ్లు బయట ఉంటే పావుగంటకోసారి కెమెరాను కొంచెం ఎడమకు తిప్పి చూడాలి. అప్పుడు మచ్చలో పడినది పక్కకు జరిగి కనబడుతుంది. తిప్పే మోటారు చలికి పట్టేసింది కాబట్టి నిచ్చెనెక్కి చేత్తో తిప్పాలి. నాలుగు నిమిషాల పని. తిప్పాక పుస్తకంలో టైము రాయాలి.

పోస్టులో తెలుగు మాట్లాడేవాళ్లం ఇద్దరమే. నాది కోహెడ. టెలిఫోన్ తీగలు చూసే లైన్‌మన్‌ది అక్కన్నపేట. నాకంటే రెండేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. పొద్దున్నే నా వెనక నిలబడి తెరలోకి తొంగిచూసేవాడు.

“ఏం తమ్మీ, గా నల్లటి సిన్మా ఎన్నొద్దులు చూస్తవ్? రంగులది పెట్టరాదు.”

జనవరిలో ఒక రోజు కింది పోస్టుకు పోయే టెలిఫోన్ తీగ తెగింది. 12.40కి అతను బయలుదేరాడు. వైర్‌లెస్ బ్యాటరీ చలికి చచ్చిపోయింది, కాబట్టి దారిలో మాట్లాడే వీలు లేదు. 1.30కి గాలి లేచింది, మంచు ఎగరడం మొదలైంది. 1.50కి బంకరు ఫోన్ మోగింది. తీగ అతికించి, దానికే తన ఫోన్ తగిలించి మాట్లాడుతున్నాడు.

“లైన్ మంచిగైంది. వస్తున్న. చాయ్ పెట్టుమను.”

ఆ తర్వాత కిటికీ అవతల అంతా తెలుపు. దారి కనబడకపోతే, దారి వెంట కట్టిన తాడు పక్కనే, ఉన్న చోటే నిలవాలి, కెమెరా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాలి. అది మా అందరికీ నేర్పిన పద్ధతి.

బయట మైనస్ ఇరవై రెండు. 2.00 తర్వాత నేను నిచ్చెన ఎక్కలేదు. 2.15కి ‘తిప్పాను, ఏమీ లేదు’ అని రాశాను. 2.30కి అదే. 2.45కి అదే. పొయ్యి పక్కనే కూర్చుని రాశాను.

2.55కి డ్యూటీ మారడానికి హవల్దార్ వచ్చాడు. తెర చూశాడు, పైకెక్కి కెమెరా తిప్పాడు. బొమ్మ కుడికి జరిగింది. మచ్చలోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. నాలుగు వందల మీటర్ల దూరంలో నిలబడి ఉన్నాడు.

3.40కి మోసుకొచ్చారు. తీగ అతికించేటప్పుడు పై గ్లౌజులు గాలికి కొట్టుకుపోయాయట. తర్వాత దవాఖానలో ఏడు వేళ్లు తీసేశారు.

హవల్దార్ పుస్తకం తెరిచి నన్ను ఒక్కటే అడిగాడు. “తిప్పావా?”

“తిప్పాను సాబ్.”

విచారణలో పుస్తకంలోని నా మూడు రాతలే సాక్ష్యం. మూడుసార్లు వెతికినా కనబడలేదంటే అతను పద్ధతి పాటించలేదని, తాడు వదిలి తిరిగాడని తేల్చారు. తప్పు అతనిది అని రాశారు.

ఏప్రిల్‌లో నేను సిద్దిపేటలో బస్సు దిగాను. ఊళ్లో శాలువా కప్పారు. మంచు గురించి చెప్పమంటే చెప్పాను. అక్కన్నపేటకు మాత్రం ఇరవై ఏళ్లు పోలేదు. అయినా అక్కడివాళ్లు అతన్ని ఏమంటారో నా చెవిన పడుతూనే ఉండేది. తాడిడిచిపెట్టి వేళ్లు పోగొట్టుకున్నోడు.

ఇప్పుడు సిద్దిపేటలో ఒక బట్టల దుకాణంలో కెమెరాల గది చూసుకుంటాను. ఈ తెరల్లో గొట్టం లేదు, కిరణం లేదు. వెనక ఒకటే వెలుగు, దాని ముందు లక్షల చిన్న తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అలాంటి మచ్చ ఒక్కటీ లేదు. అయినా పావుగంటకోసారి లేచి ప్రతి కెమెరా తిప్పి చూస్తాను. తిప్పకపోతే కూర్చోలేను. ఏం వెతుకుతున్నవని ఓనరు రెండుసార్లు అడిగాడు.

పోయిన నెల అక్కన్నపేట పోయాను. అతను వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పేశాను. నిచ్చెనెక్కలేదని, మూడుసార్లూ అబద్ధం రాశానని. తన చేతులు చూసుకున్నాడు.

“నేను ఒక్క అడుగు కదల్లే తమ్మీ. కానీ కాయిదంల గట్ల రాసినంక, మంచుల కదిలిననేమో అని నాకే అనుమానమొచ్చింది. ఇరవై ఏండ్లు నన్ను నేనే నమ్మలే.”

క్షమించమని అడిగాను.

“నీ పేరు పెట్టి రాయి. మా అవ్వ ఇంకా బతికే ఉంది. సదివి వినిపిస్త,” అన్నాడు.

అందుకే రాశాను. పేరు పెట్టి ఒక ప్రతి అతనికి, ఒకటి యూనిట్‌కు పంపాను. ఒక్క మాట అతని ఎదుట చెప్పలేకపోయాను, ఆ రెండు ప్రతుల్లోనే రాశాను. 2.30కి నేను తెర వైపు చూశాను. మచ్చలో ఏదో కదిలింది. మచ్చ కదలదని నాకు తెలుసు. గొట్టం పాతది కదా అనుకుని పొయ్యి వైపు తిరిగాను.

ఇప్పటికీ కళ్లు మూసినా తెరిచినా అదే. ఎడమ వైపు, కింది భాగంలో, మసక మనిషి. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. ఒక చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది.