సముద్రపు రాకుమారుడికి పసుపునీళ్లు

నవల చదివి కళ్లు వాచేలా ఏడ్చినవాళ్లను మీరు చూసే ఉంటారు. అన్నం మానేసినవాళ్లనూ చూసి ఉంటారు. నవల చదివి, జాలరిపేటలో చేపల బేరాలన్నీ ఆగిపోయేంత రభస చేసిన మనిషిని మాత్రం చూసి ఉండరు. ఇదిగో, చూసుకోండి. నేనే.

అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది గోపాలపట్నం. విశాఖలోనే పుట్టి పెరిగినా నాకు సముద్రమంటే ఆదివారం బీచిలో కొనుక్కునే మొక్కజొన్నపొత్తు, అంతకు మించి ఏమీ తెలీదు. అలాంటి నేను ఫోన్లో ఒక ప్రేమ నవల చదివాను. పేరు చెప్పను. రాసినావిడ తప్పేమీ లేదు, లోపమంతా చదివిన బుర్రది.

అందులో హీరో పేరు ధ్రువసాగర్. మూడువందల ఏళ్లుగా సముద్రం అడుగున రాజ్యమేలి, విసుగొచ్చి, పసిపిల్లాడి రూపంలో జాలర్ల వలలో పడతాడు. వాళ్లింట్లోనే పెరిగి కాలేజీలో చేరతాడు. అతని చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి. మణికట్టు మీద పొలుసు మెరుస్తుంది. చేపలు తినడు. ఎలా తింటాడు? ప్రజల్ని వేపుకు తినే రాజు రాజేనా? పసుపు కలిపిన మంచినీళ్లు తలమీద పోస్తే అతని అసలు రూపం బయటపడుతుంది. ఆ పోసిన పిల్లే అతని రాణి.

నా స్నేహితురాలు రమ్య కూడా చదివి, "ఇది నవల కాదే, జొరమొచ్చినోడి కల," అంది.

"నీకేటి తెలుసే? ఇది ఎక్కడో నిజంగా జరిగింది. చదువుతుంటేనే తెలిసిపోతంది," అన్నాను నేను.

అక్కడితో ఆగి ఉంటే ఇద్దరు పాఠకుల మధ్య అభిప్రాయభేదం అనిపించుకునేది. ఆగలేదు. మర్నాడు కెమిస్ట్రీ ల్యాబులో నా పక్కన ఉండే సింహాద్రి పరీక్షనాళిక అందించాడు. చెయ్యి తగిలింది. ఐసు! ఉలిక్కిపడి చూద్దును కదా, మణికట్టు మీద పొలుసొకటి తళుక్కుమంది. నా గుండె సింహాచలం మెట్లు ఒక్క ఊపున ఎక్కేసినట్టు కొట్టుకుంది.

మధ్యాహ్నం రమ్య క్యారేజీలో నెత్తళ్ల వేపుడుంది. నేనే అతని ముందుకు జరిపాను.

"సేపలు నాను ముట్టను," అన్నాడు సింహాద్రి, రమ్య సాంబారు మీద కన్నేసి.

"ఎందుకని?"

"ఆటి మొకం సూత్తేనే అదోలా అయిపోతాది."

చూశారా, ప్రజల మీద ప్రేమ! నేను కళ్లు తుడుచుకున్నాను. సాయంత్రం గంట కొట్టగానే అతను సంచీ సర్దుకుంటుంటే, "ఎక్కడికి అంత బేగి?" అని అడిగాను.

"సముద్రం కాడికి. ఆలీసమైతే మావోళ్లు ఊరుకోరు."

మావోళ్లు! సముద్రం దగ్గర! తా వలచింది రంభ అంటారు. నేను చదివింది వేదం, నాకు దొరికింది ధ్రువసాగర్.

ఆదివారం పొద్దున్నే లీటరు సీసాలో పసుపునీళ్లు నింపుకుని సిటీ బస్సెక్కాను. రమ్య కూడా వచ్చింది, నన్ను ఆపడానికి కాదు, చోద్యం చూడ్డానికి. సింహాద్రిది జాలరిపేటని క్లాసులో ఎవరో చెప్పారు. అక్కడ దిగి అడిగితే, రోడ్డు వార గొడుగు కింద చేపలు కోస్తున్న ఒకావిణ్ని చూపించారు. పేరు నూకాలమ్మ. సింహాద్రి వాళ్లమ్మ.

ఇక్కడ మీకు విషయమంతా అర్థమైపోయింది. నాకు కాలేదు. పెంచిన తల్లి కాబోలు అనుకుని చేతులు జోడించాను.

"కాలేజీ పిల్లలా? రండమ్మా, కూకోండి," అందావిడ ఆప్యాయంగా.

"అమ్మా, ఏటీ అనుకోకండి. సింహాద్రి మీకు వలలో దొరికాడా?"

కత్తిపీట మీద చేప సగంలో ఆగిపోయింది.

"ఏటీ?"

"అంటే... పసిపిల్లోడిగా ఉన్నప్పుడు, వల లాగితే అందులో..."

"ఓలమ్మో! సూడండర్రా, ఈ గుంట ఏటంటందో! పెద్దాసుపత్రిలో తెల్లార్లూ నొప్పులు పడి కన్నానే ఆణ్ణి! వలలో దొరకడానికి ఆడు మనిషా, పీతా?"

సరిగ్గా అప్పుడే సింహాద్రి వచ్చాడు. నెత్తిన ఐసుముక్కల టబ్బు. దాన్నుంచి కారుతున్న నీళ్లు ఎండకి మెరుస్తున్నాయి. చేతులనిండా పొలుసులు. అతను టబ్బు దించడం, నేను సీసా మూత తీయడం ఒకేసారి జరిగాయి.

"ధ్రువసాగరా! నీ అసలు రూపం చూపించు!" అని అరిచి, లీటరూ అతని నెత్తిన కుమ్మరించేశాను.

అసలు రూపం బయటపడింది. పచ్చగా తడిసి, నోరు తెరుచుకు నిలబడ్డ సింహాద్రి.

"ఏటే ఇది! ఎర్రెక్కిందేటి నీకు?" అని హాచ్చిమని తుమ్మాడు.

పక్క బుట్ట దగ్గరున్న ముసలావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓలె నూకాలూ! నీ కొడుక్కి నడిరోడ్డులో పసుపునీళ్లు పోసేసింది! పెళ్లికొడుకుని సేసేసిందే!"

"బాజాలోళ్లని పిలవండర్రా!" అంది ఇంకొకావిడ.

పసుపు కలపనేల, పరుగెత్తనేల అని వెనక్కి తిరిగాను. నూకాలమ్మ నా చున్నీ పట్టుకుంది. "ఎక్కడికెల్తన్నావు కోడలా? మీ అయ్య ఫోను నంబరు సెప్పు."

మా నాన్న! ఫోనులో తెలియని గొంతు వింటేనే రక్తపోటు మాత్ర వెతుక్కునే మా నాన్నకి, చేపలబజారు నుంచి వియ్యపురాలు ఫోను! సాయం చేస్తుందేమోనని రమ్య వైపు చూస్తే, అది ఒక పడవ పక్కన చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"మరి నీ చేతులెందుకంత సల్లగుంటాయి?" అన్నాను సింహాద్రితో ఏడుపు గొంతుతో.

"పొద్దున్నే ఐసు మోసి కాలేజీకొత్తాను. ఎచ్చగా ఉంటాయేటి?"

"ఆ పొలుసులు?"

"సేపలు కడిగితే పొలుసులంటుకోవా, మల్లిపూలంటుకుంటాయా?"

"సేపలు తిననన్నావు కదా!"

"పుట్టిన కాణ్నుంచీ మూడుపూట్లా అవే. మొకం మొత్తేసింది. సాంబారు కోసమే కాలేజీకొత్తన్నాను, తల్లీ!"

చివరికి నవల సంగతి బయటపెట్టక తప్పలేదు. నూకాలమ్మ చున్నీ వదల్లేదు. "ఆ కథేటో సెప్పు. సెప్పే దాకా కదలనివ్వను," అంది.

చెప్పాను. భయంతో మొదలుపెట్టాను గానీ, చెబుతుంటే ఊపొచ్చేసింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే బుట్టలు వదిలేసి చుట్టూ చేరారు. కొనడానికి వచ్చినాయన ఒకరు, "వంజరం ఎలాగమ్మా?" అని అరిచాడు.

"ఉండు బాబూ! ఆడు సముద్రంలోంచి పైకొత్తన్నాడు!" అని కసిరింది ముసలావిడ.

తల తుడుచుకుంటూ సింహాద్రి కూడా కూర్చుని విన్నాడు. ధ్రువసాగర్ వెన్నెల్లో ప్రేమ విన్నవించుకునే ఘట్టాన్ని రెండుసార్లు చెప్పాను. కథ పూర్తయింది. నూకాలమ్మ కళ్లు చెమర్చి ఉంటాయని ఆశగా చూశాను. ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"మూడొందలేళ్ల ముసిలోడంటన్నావు. కాలేజీలో సేరి ఆడపిల్ల ఎనకాల తిరుగుతన్నాడంటన్నావు. పోలీసులకి సెప్పాల గానీ, పుస్తకం రాత్తారేటే?"

నూకాలమ్మ నా చున్నీ వదిలేసి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. సింహాద్రి ఇంకోసారి తుమ్మాడు.

ఆ నవల మీద అంతకన్నా మంచి విమర్శ నేను ఇప్పటిదాకా చదవలేదు. అందుకని సప్తసముద్రాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ నవల మీదైనా నా అభిప్రాయాన్ని నోటితోనే చెబుతాను గానీ, సీసాలో పోసుకుని పట్టుకెళ్లను.