తువ్వాల కింద రిమోట్

మాట్లాడే సెట్-టాప్ బాక్సు కొనడానికి వెళ్లి, గంటసేపు బేరమాడి, మాట్లాడని బాక్సును ఇంటికి తెచ్చుకున్న ఘనత వరంగల్‌లో నాకు తప్ప ఇంకెవరికీ దక్కి ఉండదు. అదీ ఊరికే తేలేదు. ధర దించి, ఒక వైరు ఉచితంగా వేయించుకుని, అమ్మే అబ్బాయి చేత "అమ్మా, మీతోని కాదు" అనిపించుకుని మరీ తెచ్చాను. దాని స్థానంలోకి తర్వాత వచ్చిన డబ్బా ఇవాళ పొద్దున కూడా, నేను టీ గ్లాసు ఒక చేత్తో, రిమోట్ ఇంకో చేత్తో పట్టుకుని కూర్చోగానే, "హోమ్. లైవ్ టీవీ" అని చదివింది. ఆ ఆడగొంతులో ప్రేమ లేదు, విసుగూ లేదు. రోజూ వినే గొంతే. అయినా ఒక్కోరోజు గ్లాసు వేడి వేళ్లకు తగులుతుండగా, దాని వెనకాల ఇంకో గొంతు వినిపిస్తుంది. "వంగకు సరోజా. నడుం నిలబెట్టు." అది జయమణి టీచర్‌ది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నేను చూశాను, నాకు చూపున్న రోజుల్లో. అందుకే చెప్తున్నాను.

జయమణి టీచర్‌కు పుట్టుకతోనే చూపు లేదు. బడిలో సోషల్ చెప్పి రిటైరై, మా వెనక వీధిలో ఒక్కరే ఉండేవారు. ఒక ఆదివారం చర్చి అయ్యాక, తెల్ల కర్ర తట్టుకుంటూ మా స్టీలు సామాన్ల దుకాణం మెట్లెక్కారు. నేను ఆ దుకాణంలోనే పెరిగాను. మా నాన్న బేరాలు వింటూ నిద్రపోయి, బేరాలు వింటూ లేచినదాన్ని. మనిషి మెట్టెక్కే తీరు చూసి ఎంత పెడతారో చెప్పగలనని నాకు గొప్ప. కళ్లు లేని మనిషితో బేరం ఎంతసేపు సాగుతుందిలే అనుకుని, మూతగిన్నె ఒకటి చేతికిచ్చి ధర చెప్పాను. ఆమె గిన్నెను గోటితో మీటారు. బొటనవేలితో అంచు చుట్టూ తడిమారు. అడుగున అరచేయి ఆనించి కాసేపు పట్టుకున్నారు.

"నువ్వు చెప్పిన ధర అంచుదా, అడుగుదా?" అన్నారు.

"మొత్తం గిన్నెది టీచరమ్మా."

"అడుగు పలచగున్నది. అన్నం అంచుల మీద వండుతారా?"

నేను నవ్వి ధరలో ఒక మెట్టు దిగాను. ఆమె గిన్నె బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. వెళ్లిపోతున్నట్టు నటించేవాళ్లు ఎంత దూరం పోయి వెనక్కి తిరుగుతారో నాకు తెలుసు. గడప దగ్గర కొందరు, పక్క దుకాణం దగ్గర కొందరు. ఆమె గడప దాటారు. పక్క దుకాణమూ దాటారు. కర్ర చప్పుడు ఒకే తీరుగా దూరమవుతోంది, ఎక్కడా తడబడటం లేదు. చివరికి నేనే బయటికి వచ్చి పిలిచాను. కొనేవాళ్లను వెనక్కి పిలవడం నా జన్మలో అదే మొదలు. గిన్నె ఆమె అడిగిన ధరకే వెళ్లింది. ఆ తర్వాత ఆదివారాలు ఏమీ కొనకపోయినా వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. నా బేరాలు విని, జనం వెళ్లాక మార్కులు వేసేవారు. "ఆమె గొంతు ఎండిపోయింది, దాహమేసింది. నీళ్లియ్యక ధర దించినవ్" అనేవారు.

తర్వాత నా వంతు వచ్చింది. మొదట పక్కనున్నవి కనిపించడం మానేశాయి. మనుషులు ఉన్నట్టుండి గాలిలోంచి ఊడిపడ్డట్టు ఎదురయ్యేవారు. దవాఖానలో కంటి నరం దెబ్బతిన్నది, నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కొంతకాలం నిలవొచ్చని చెప్పారు. నిలిచింది కొంచెమే. మసక పట్టిన అద్దంలోంచి చూసినట్టు, నడిమధ్యన ఇంత ముక్క. దుకాణంలో నా కొడుకు నవీన్ కూర్చున్నాడు. నేను ఇంట్లో సోఫాలో కూర్చున్నాను. టీవీ పెట్టాలన్నా, ఛానల్ మార్చాలన్నా, గొంతు పెంచాలన్నా నవీన్‌నో, కోడలు రజితనో పిలవాలి. వాళ్లు చెడ్డవాళ్లు కారు, పిలిస్తే వస్తారు. కానీ పిలవాలి. రోజంతా ఊరిని పిలిచి సామాను అమ్మినదాన్ని, నా ఇంట్లో ఒక బటన్ కోసం పిలవడం నాకు నామోషీగా ఉండేది. నాకు కావలసింది వార్తలో, సీరియలో కాదు. ఎవరినీ పిలవకుండా ఒక్క పని చేసుకోవడం.

"మాట్లాడే డబ్బా ఉంటది. నా ఇంట్ల ఉన్నది. బటన్ ఒత్తితే ఎక్కడున్నవో అదే చదువుతది. పోయి తెచ్చుకో" అన్నారు జయమణి టీచర్. ఆ తెచ్చుకోవడమే మొదట చెప్పిన ఘనత. టీవీ సామాన్ల దుకాణంలో అబ్బాయి రెండు రకాలు చూపించాడు. ఒకటి తెర మీద ఉన్నది పైకి చదువుతుంది. రెండోదానికి రిమోట్‌లో మైకుంది, మనం ఛానల్ పేరు చెప్తే వింటుంది. రెండోది చవక. నేను మాట్లాడితే చాలదా, అది కూడా ఎందుకు మాట్లాడాలి అని లెక్క వేశాను. ఇంటికొచ్చి "వార్తలు" అన్నాను. అది ఏదో చేసింది. ఏం చేసిందో చెప్పలేదు. పాట వచ్చింది. మళ్లీ అన్నాను. ఏమీ రాలేదు. ఆగిందో, వెతుకుతోందో, అలిగిందో తెలియదు. టీచర్ వచ్చి పక్కన కూర్చుని కాసేపు విన్నారు.

"ఇదేందే సరోజా. చెప్తే వింటది గని, ఏం జేసిందో చెప్పదు."

"ధర మంచిగ తగ్గింది టీచర్."

"నీ దుకాణంల పనోడు ఇట్లనే ఉంటే ఉంచుకుంటవా? పొమ్మంటే పోతడు, ఎటు పోయిండో తెల్వదు."

మర్నాడు దాన్ని మార్చుకోవడానికి ఇద్దరం ఆటోలో ఆ దుకాణానికే వెళ్లాం. టీచర్, మాట్లాడే డబ్బాను అక్కడే టీవీకి తగిలించమన్నారు. తెలుగు చదువుతుందా, వేగం తగ్గుతుందా అని ఒక్కొక్కటీ చేయించి నాకు వినిపించారు. అబ్బాయి ఓపికగానే చేశాడు గాని చివర్లో ఆగలేకపోయాడు. "ఏమనుకోవద్దు అమ్మా, వినేటందుకైతే రేడియో చాలు గదా" అన్నాడు.

"తమ్ముడూ, నువ్వు ఇంట్ల టీవీ నడుస్తుంటే అన్నం తింటవా?" అన్నారు టీచర్.

"తింట."

"కంచం దిక్కు చూస్తవా, టీవీ దిక్కు చూస్తవా?"

అతను నవ్వాడు. "కంచం దిక్కే ఎక్కువ."

"మరి నీక్కూడ రేడియో కొనుక్కోమని చెప్పాల్నా?"

ఆ నవ్వులో సందు దొరికిందని నేను ధర మాట ఎత్తబోయాను. టీచర్ నా మోచేయి గిచ్చారు. "గొంతుకు బేరం జెయ్యకు. వైరుకు జెయ్యి" అన్నారు చిన్నగా. ఇంకో వైరుకు చేశాను. ఇచ్చాడు.

డబ్బా వచ్చింది గాని చేతికి రాలేదు. బటన్ నొక్కే ముందు రిమోట్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకుని, మిగిలిన ఆ ముక్క చూపుతో వెతికేదాన్ని. వెతికేలోపు డబ్బా చదివింది దాటిపోయేది. టీచర్ సోఫాలో నా పక్కన కూర్చుని ఉన్నారు. "వంగకు" అన్నారు. ఆమెకెట్లా తెలుసని అడిగాను. "నీ మాట నేల దిక్కు పోతాంది" అన్నారు. "ఉన్న ఆ కొంచెం చూపే నిన్ను సతాయిస్తాంది. దాన్ని జర పక్కకు పెట్టు." లేచి, దండెం మీది తువ్వాల తడిమి తెచ్చి, రిమోట్ మీద, నా చేతి మీద కప్పేశారు.

నాకు ఒక్కసారిగా మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన పశువుల అంగట్లో బేరగాడు. అమ్మేవాడి చేయి, కొనేవాడి చేయి తువ్వాల కింద కలుస్తాయి. వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకుండా. చిన్నప్పుడు ఇంట్లో నా వేళ్లు పట్టుకుని ఆ ఆట నేర్పించాడు. ఆ సంగతి టీచర్‌కు చెప్పాను.

"మరింకేంది," అన్నారామె. "కండ్లతోని పని లేని బేరం మీ ఇంట్లనే ఉండె. ఈ డబ్బా నీకంటే మొండిది గాదు. వేళ్లు పట్టుకో."

మొదట గుండ్రటి బటన్. దాని చుట్టూ నాలుగు దిక్కులు. కింద ఎడమపక్క వెనక్కి వచ్చేది. ఒకటి నొక్కడం, డబ్బా చెప్పింది పూర్తిగా వినడం, తర్వాతే రెండోది. వినకుండా నొక్కితే టీచర్ తువ్వాల మీద నుంచి నా వేలి మీద కొట్టేవారు. "అవతలి మనిషి ధర చెప్పకముందే నువ్వు ధర చెప్తవా?" అనేవారు. ఆ మాటకు సిగ్గుపడి ఆగేదాన్ని. పిలవకుండా వార్తలు పెట్టుకున్న రోజు రజిత వంటింట్లోంచి వచ్చి, "ఎవరు పెట్టిండ్రత్తమ్మా?" అంది. నేను జవాబివ్వలేదు. జవాబివ్వకుండా ఉండటంలో ఎంత సుఖముందో చెప్పలేను.

అసలు గొడవ తర్వాత మొదలైంది. నవీన్‌కు ఆ గొంతు పడేది కాదు. సౌండ్ పెంచితే "వాల్యూమ్" అని చదువుతుంది, మెనూ తెరిస్తే మొత్తం చదువుతుంది. క్రికెట్ మధ్యలో అది మాట్లాడితే వాడికి తిక్క రేగేది. కూర్చోగానే సెట్టింగుల్లోకి వెళ్లి దాని నోరు మూసేవాడు. లేచేటప్పుడు తెరవడం మరిచిపోయేవాడు. పొద్దున నాకు మళ్లీ మూగడబ్బా. మళ్లీ పిలవడం. టీచర్‌కు చెప్పుకున్నాను, ఆమె నవీన్‌కు నచ్చజెప్తారని.

"నేనెందుకు చెప్త? ఇల్లు నీది, కొడుకు నీ కొడుకు" అన్నారు. మళ్లీ తువ్వాల కప్పారు. వెనక్కి వచ్చే బటన్, కింది బాణం, రెండూ కలిపి కాసేపు ఒత్తిపట్టుకుంటే గొంతు వస్తుంది. ఒక్క బొటనవేలితో రెండింటినీ అదమడం సులువు కాదు, ఒకటి జారిపోయేది. ఆదివారాలు అదే పని.

రజిత తమ్ముడు ఇంటికి వచ్చిన సాయంత్రం మ్యాచ్ నడుస్తోంది. టీచర్ కూడా టీ తాగుతూ కూర్చున్నారు. నవీన్ అలవాటుగా డబ్బా నోరు మూశాడు. మ్యాచ్ మధ్యలో విరామం వచ్చింది, ప్రకటనలు మొదలయ్యాయి. నేను చేయి చాచి రిమోట్ తీసుకుని, రెండు బటన్లూ ఒత్తిపట్టుకున్నాను. డబ్బా నోరు తెరిచింది.

"అమ్మా, చుట్టాలున్నరు. జర ఆగరాదు" అన్నాడు నవీన్.

"వార్తలు విని మల్ల నీ మ్యాచ్ పెడ్త."

"పెట్టుకో, వద్దంటలేను. ఆ లొల్లి ఎందుకు? నేను పెడ్త గదా, ఏది గావాల్నో చెప్పు."

"నాకు నువ్వు పెట్టుడు వద్దు బిడ్డా."

టీచర్ వైపు నుంచి టీ జుర్రిన చప్పుడు వచ్చింది. ఆమె ఒక్క మాట సాయం రాలేదు. నేనే అన్నాను. "దుకాణంల ఫోన్ పైసలు పడంగనే బల్ల మీద డబ్బా వీధంత వినబడేటట్టు అరుస్తది. అది నీకు లొల్లి గాదు. గిరాకి మధ్యల ఎన్నడన్న దాని నోరు మూసినవా?"

రజిత తమ్ముడు నవ్వును ఆపుకోబోయి దగ్గాడు.

"నేను మల్ల బంద్ చేస్తే?" అన్నాడు నవీన్ చివరికి.

"మల్ల తెరుస్త. ఎవరు ముందు అలిసిపోతరో చూద్దాం."

వాడు దుకాణందారుల ఇంట్లో పుట్టినవాడే. గెలవని బేరం దగ్గర ఆగడం తెలుసు. ఆగాడు. నేను వార్తల దాకా ఒక్కొక్క మెట్టూ విని వెళ్లాను. గుమ్మం దాకా సాగనంపినప్పుడు టీచర్ మెచ్చుకుంటారని ఎదురుచూశాను. "వేగం పెంచు. అంత మెల్లగ చదివితే నాకే నిద్దరొచ్చింది" అని కర్ర తట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ వారమే నేను దుకాణానికి వెళ్లి, నవీన్ పక్కన ఇంకో కుర్చీ వేయించుకున్నాను. గిన్నెను గోటితో మీటి అమ్మడం అప్పటి నుంచే.

జయమణి టీచర్ పోయిన వానాకాలం జ్వరంతో పోయారు. ములుగు నుంచి ఆమె తమ్ముడి కుటుంబం వచ్చింది. సమాధి దగ్గర నేను ఎవరి చేయీ పట్టుకోకుండా, ఆమెలాగే కర్రతో నిలబడ్డాను. అది ఎవరైనా గమనించారో లేదో గాని, నాకు గర్వంగానే ఉంది.

ఇక మిగిలింది లెక్క. డబ్బా జాబితాలు చదువుతుంది, బొమ్మ చదవదు. సీరియల్‌లో ఎవరూ మాట్లాడకుండా సంగీతం మోగితే, ఎవరు ఎవరిని కొట్టారో రజితనే అడగాలి. రీఛార్జి పేజీ దగ్గర దానికి నోరు పెగలదు, అక్కడ నవీన్‌ను పిలుస్తాను. వేగం పెంచాను గాని టీచర్ వేగం అందుకోలేదు, అందుకోను కూడా. అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇంకొకటి ఉంది. నవీన్ ఇప్పుడు మ్యాచ్‌ను లోపలి గదిలో ఫోన్‌లో చూస్తాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఇంతకుముందు నా పక్కన కూర్చుని "ఫోర్ కొట్టిండమ్మా" అని చెప్పేవాడు. ఆ సాయంత్రాలు పోయాయి, వాటికి తగ్గింపేమీ దొరకలేదు. రాబడి పక్కన ఒక్కటే ఉంది. ఇంట్లో రిమోట్ కనిపించకపోతే ఇప్పుడు అందరూ నన్నే పిలుస్తారు. రెండు పక్కలా కూడి చూశాను. లాభమే. ఎంత అని అడిగితే, దుకాణంలో ఎన్నడూ చెప్పని నిజం ఇక్కడ చెప్తున్నాను. కొంచెమే.