వెళ్ళిపోయాడని రాస్తే

చిన్నతల్లి కూర్చోలేదు. తహసీల్దారు ఆఫీసు వరండాలో బల్ల ఖాళీగానే ఉంది. అయినా కాలు కాలిన పిల్లిలా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. సాయంత్రం ఐదులోపల కాగితం చేతికి రాకపోతే కూతురు తులసికి విజయనగరం నర్సింగు కాలేజీలో ఫీజు మాఫీ రాదు. మాఫీ రాకపోతే సీటు ఉండీ లేనట్టే.

తులసి ఒకటో తరగతి నుంచి ఇంటరు దాకా గుజరాత్‌లో, వీరావల్‌లో చదివింది. తండ్రి నూకయ్య పన్నెండేళ్ళు అక్కడి బోట్ల మీద చేపల వేట చేశాడు. మొన్న వేసవిలోనే సంసారమంతా మూటగట్టుకుని శ్రీకాకుళం తీరంలోని సొంత ఊరికి తిరిగొచ్చారు. తండ్రి ఈ ఊరివాడేననీ, పనికోసమే బయట ఉన్నాడనీ ఆఫీసువాళ్ళు రాసిస్తే పిల్లకు మాఫీ వస్తుందని కాలేజీలో చెప్పారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఇంటింటి సర్వేకి ఎవరొచ్చినా, ఊళ్ళోనే ఉండిపోయిన అత్త లక్ష్మణమ్మది ఒకటే మాట: “నా కొడుకు ఉన్నాడు.” వేటలో ఉన్నవాణ్ని వెళ్ళిపోయాడని ఆ వాడలో ఏ ఆడదీ అనదు. పోయాడంటే ఏమిటో సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పాలా? వచ్చినవాడు విన్నది రాసుకుపోయాడు. రికార్డు ప్రకారం నూకయ్య పన్నెండేళ్ళుగా ఊరు దాటలేదు.

“ఆయన ఇక్కడే ఉంటే పిల్ల గుజరాత్‌లో ఎలా చదివిందమ్మా?” అన్నాడు గుమస్తా హరిబాబు. న్యాయమైన ప్రశ్నే. అందుకే చిన్నతల్లికి ఒళ్ళు మండింది. అతనే ఒక కాగితం రాసి చదివి వినిపించాడు: “నా భర్త నూకయ్య పన్నెండేళ్ళ కిందట ఊరు విడిచి వెళ్ళిపోయాడు.” తర్వాత పెన్ను అందిస్తూ, “ఇక్కడ సంతకం పెట్టండి,” అన్నాడు.

చిన్నతల్లి పెన్ను పక్కన పెట్టేసింది. నూకయ్య ఆ రోజు తెల్లారకముందే వేటకెళ్ళాడు. బోటు ఇంకా ఒడ్డుకు రాలేదు.

“ఆయన ఏటలో ఉన్నాడు బాబూ. ఈ మాట మీద సంతకం నాను ఎట్టను.”

“నాలుగున్నరైంది. ఒక్క మాటకోసం పిల్ల చదువు పాడుచేస్తారా?”

“పెట్టీ అమ్మా, ఉత్త మాటే కదా,” అని తులసి బతిమాలింది.

చిన్నతల్లికి ఏడుపొచ్చింది. మొగుడా, కూతురా అంటే ఏ తల్లి తేల్చుకోగలదు? వరండా చివరిదాకా నడిచి, గిరుక్కున వెనక్కి తిరిగొచ్చి హరిబాబు ముందు నిలబడింది.

“బాబూ, పొద్దున్న మీ ఇంటికాడ ఏటని సెప్పొచ్చినావు? ఎల్లిపోతన్నానన్నావా?”

హరిబాబు కాగితం మీంచి తలెత్తాడు. “వెళ్ళొస్తానన్నాను.”

“నా మొగుడూ అలాగే సెప్పినాడు. సెప్పినట్టే వచ్చినాడు. అదే రాయి.”

అతను ఆ వాక్యం కొట్టేశాడు. ‘నా భర్త పన్నెండేళ్ళు గుజరాత్‌లో వేటకు వెళ్ళొచ్చాడు’ అని రాసి, సంతకం పెట్టించుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ముద్ర పడేసరికి ఐదుకింకా పది నిమిషాలుంది.

దరఖాస్తు పంపే నెట్ సెంటరు రోడ్డుకవతల. తులసి కాగితం అందుకుని, “ఎల్తన్నానమ్మా!” అంటూ పరుగెత్తింది.

చిన్నతల్లి వెంటబడి పిల్ల జబ్బ పట్టుకుంది.

“ఏటే, ఏటన్నావు?”

“టైమైపోతంది, ఒగ్గమ్మా!”

“అయిపోనీ. ఎల్లొస్తానని సెప్పు, ఒగ్గుతాను.”